పాతర వాసన

పోయిన నెలలో మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, ఇంటి ముందర మురికి కాలవకని జేసీబీ పెట్టి తవ్వుతాంటే నేల దిగబడిపోయింది. లోపల ఇంత పెద్ద గుంత ఉంది, చుట్టూ రాయి కట్టినట్టుంది. ఏంది ఇది?" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. "పాతర రా అది. ఎవురినీ లోపలికి దిగనీయొద్దు" అన్నాను. వాడికి ఆ మాటే తెలియదు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు, రోజూ ఆ పాతర మీదే బైకు నిలబెట్టినవాడు.

శనివారం పొద్దున్నే బెంగళూరులో బస్సెక్కి ఊరికి పోయాను. మా ఊరు ధర్మవరానికీ కదిరికీ మధ్య ఉంటుంది. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా, మా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లానే. నేను పోయేసరికి గుంత చుట్టూ తుమ్మకంప అడ్డం వేసి పెట్టారు. కంప పక్కకు నెట్టి, అంచున మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి వంచాను. ముక్కిపోయిన జొన్నల వాసన, ఎర్రమట్టి వాసన, ఎండి మాగిన చొప్ప వాసన మూడూ కలిసిన ఒకే వాసన, నలభై ఏళ్ళుగా మూతపడి ఉన్న గుంతలోంచి మొహానికి కొట్టింది. వదిన వచ్చి "లెయ్యప్పా, అంచు కూలుతుంది" అని భుజం పట్టుకుని లాగేదాకా అక్కడే ఉన్నాను.

*

పాతర అంటే తెలియని వాళ్ళ కోసం చెప్తాను. నేలలో కుండ ఆకారంలో తవ్విన గుంత. మూతి దగ్గర ఒక మనిషి పట్టేంత సందు, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. గోడలకు రాయి కట్టి, ఎర్రమన్ను మెత్తి, అడుగున, చుట్టూ జొన్న చొప్ప దట్టంగా పరిచి, దాంట్లో జొన్నలు పోసి, పైన బండ వేసి, బండ మీద మట్టి కప్పి అలికేస్తారు. గాలి, తడి పోకపోతే రెండు మూడేళ్ళయినా గింజ నిలుస్తుంది. రాయలసీమ పల్లెల్లో నాలుగెకరాలు ఎక్కువున్న ఇళ్ళకంతా ఇంటి ముందరో, కల్లం దగ్గరో పాతర ఉండేది.

పాతర తెరిచే రోజు మాకు పండగ లెక్క. తాత గడ్డపారతో మట్టి తీయించి, నలుగురు పట్టి బండ పక్కకు జరిపేవాళ్ళు. వెంటనే ఎవరూ దిగకూడదు. లోపల గాలి చెడి ఉంటుంది, దిగితే ప్రాణం పోతుంది. ఒక పూటంతా అట్లే తెరిచి వదిలేసి, సాయంత్రం లాంతరు తాడుకు కట్టి మెల్లగా దింపేవాళ్ళు. పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. లాంతరు వెలుగుతూ ఉంటే దిగొచ్చు, ఆరిపోతే ఇంకా ఆగాలి. ఒకసారి మంట చిన్నదై, నీలంగా అయ్యి, టప్పున ఆరిపోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఆ రాత్రి నిద్రలో ఆ లాంతరే వచ్చింది.

తర్వాత మా ఇంట్లో జీతానికి పొలంపని చేసే సేద్యగాడు నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. కిందినుంచి గంపలు నింపి పంపితే పైన లాగేవాళ్ళు. మా జేజి, అంటే నాయనమ్మ, వాకిట్లో రెండు చాపలు పరిచి గింజలు రెండు కుప్పలు పోయించేది. నడిమధ్య గింజ తెల్లగా, గట్టిగా ఉండేది. గోడ పక్కది, అంచుది, తడి లాగి నల్లబారి, ముక్కిన వాసన వచ్చేది. రెండు కుప్పలు ఎందుకో నేను అడగలేదు, జేజి చెప్పనూ లేదు.

*

మా జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన పడేది ఇక్కడేనని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అందుకే మా పేదరికం గురించి ఎవరు మాట్లాడినా మొదటి మాట వాన మీదకే పోతుంది. నేను కూడా చాలా కాలం అట్లే అనుకున్నాను. కానీ మా తాతకు పడిందీ అదే వాన. ఆయన కాలంలో కరువులు లేవని కాదు, 1952 గంజి కేంద్రాల దగ్గర లైన్లలో నిలబడిన వాళ్ళ గురించి జేజి చెప్తుంటే మాకు అన్నం దిగేది కాదు. అయినా ఒక ఏడు వాన పోతే ఇల్లు ఆగమయ్యేది కాదు. రెండో ఏడూ పోతే భయం పట్టేది. ఆ మధ్యలో పాతర ఉండేది.

అప్పట్లో చేను అంటే ఒక పంట కాదు. జొన్న, సజ్జ, కొర్ర, ఆరికలు, మధ్యన సాళ్ళల్లో కంది, అలసంద, అనుములు, గట్ల మీద ఆముదం. ఒకటి పోతే ఇంకొకటి నిలిచేది. చొప్ప ఎద్దులకు, గింజ మనుషులకు, ఆముదం దీపానికి. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి చేసిన పనికి మేరగా కల్లం దగ్గరే గింజలు కొలిచి పోసేవాళ్ళు. డబ్బుతో పని తక్కువ. ఇదంతా స్వర్గం అని చెప్పడం లేదు, పాతర ఉన్న ఇళ్ళు మా ఊర్లో ఏడో ఎనిమిదో, లేని ఇళ్ళు వందకు పైన.

తర్వాత చెనిక్కాయ, అంటే వేరుశనగ, వచ్చింది. మాకు ముందే కొంత ఉండేది, కానీ నేను బడికి పోయే కాలానికి ఎటు చూసినా అదే. దాన్ని రైతుల అత్యాశ అని రాసిన వాళ్ళను చూశాను, నాకు కోపం వస్తుంది. మా నాయనకు అత్యాశ లేదు. మాకు ఫీజులు కట్టాలి, అక్క పెళ్ళి చేయాలి, డాక్టరుకు డబ్బులే ఇవ్వాలి, జొన్నలు పోస్తే తీసుకోడు. జొన్నకు మార్కెట్టులో రేటు లేదు. నూనెగింజలకు రేటు ఉంది. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది, వంటనూనె మనమే పండించుకోవాలని రేడియోలో రోజూ చెప్పేవాళ్ళు. బ్యాంకులు అప్పిచ్చేదీ చెనిక్కాయకే. 1983 నుంచి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఇంట్లో తినడానికి జొన్న పండించాలన్న అవసరమూ తగ్గింది. ఆ బియ్యం ఎన్నో కడుపులు నింపింది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక్కొక్క పొలమూ అట్లా మారిపోయి, ఒక దశలో మా జిల్లాలో ఒక్క చెనిక్కాయే 8 లక్షల హెక్టార్లకు పైగా వేసేవాళ్ళు. పాతరలో పోయడానికి ఇంట్లో గింజ లేకుండా పోయింది. తాత పోయిన ఏడు బండ మీద మట్టి కప్పారు, మళ్ళీ తీయలేదు.

మొదటి ఏళ్ళు బాగానే ఉన్నాయి. ఒక మంచి పంటకు మా అమ్మకు కమ్మలు వచ్చాయి, ఇంటి మీద బోద గడ్డి పోయి రేకులు వచ్చాయి. ఉడకబెట్టిన పచ్చికాయల వాసన ఊరంతా ఉండేది. పెరికిన చెట్లు తిరగేసి ఎండబెడితే, రాత్రి మంచుకు తడిసి, తెల్లారి ఎండకు ఒక తీపి వాసన లేచేది. బెంగళూరులో బండి మీద వేయించిన కాయల వాసన వచ్చినా నేను ఇప్పటికీ ఆగిపోతాను.

*

చెనిక్కాయ లెక్క నేను కాగితం మీద నేర్చుకోలేదు, కాయలు ఒలుస్తూ నేర్చుకున్నాను.

మే నెలాఖరులో విత్తనాల కాయలు ఒలవాలి. మిషనుకు వేస్తే గింజ చీలిపోతుంది, మొలవదు. అందుకని చేత్తోనే. రాత్రి అన్నాలయ్యాక ఇరవై మంది ఆడవాళ్ళు మా వసారాలో కూర్చునేవాళ్ళు. కాయల మీద కాస్త నీళ్ళు చల్లి, మెత్తబడ్డాక, చిన్న రాయితో ముక్కు మీద ఒకటి కొట్టి బొటనవేలితో విప్పడం. టక్, టక్, టక్ అని ఇరవై రాళ్ళ చప్పుడు, మధ్యలో మాటలు, నవ్వులు, ఎవరో ఒకరు పాట. పడికి ఇంత అని కూలి. పదిరోజులు ఒలిస్తే బొటనవేళ్ళు పగిలి నెత్తురు వచ్చేది, దాని మీద పసుపు అద్దుకుని మళ్ళీ కూర్చునేవాళ్ళు. మేము దొంగతనంగా నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే జేజి "ఇత్తనాలు తినొద్దురా, సేను ఏడుస్తాది" అనేది.

ఎకరాకు విత్తనానికే దాదాపు రెండు మూటల కాయలు పోతాయి. మంచి ఏడు ఎకరాకు ఎనిమిది మూటలు, ఇంకా బాగుంటే పది. చెడ్డ ఏడు రెండు, మూడు. అంటే చెడ్డ ఏడు పంట మొత్తం వచ్చే ఏటి విత్తనానికే సరి. సేద్యం కూలి, మందుల ఖర్చు, తిండి, వడ్డీ, వీటికి ఏమీ లేదు. ఏ పంటకైనా విత్తనం ఖర్చు ఉంటుంది గానీ, వచ్చిన దాంట్లో నాలుగో వంతు తిరిగి మట్టిలో పోయాల్సిన పంట చాలా తక్కువ.

ఆ రెండు మూటలు కూడా ఇంట్లో నిలిచేవి కావు. డిసెంబరులో కాయలు ఇంటికి రాగానే అప్పులవాళ్ళు గుమ్మంలో ఉంటారు. విత్తేటప్పుడు అప్పిచ్చింది మండీ ఆయన, షరతు ఒకటే, కాయలు ఆయన మండీకే తోలాలి. బండి కట్టుకుని నాయనతో నేనూ పోయేవాణ్ణి. మండీ ఆయన మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, రెండు కాయలు నలిపి, "తడి ఉంది" అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట. తరుగు అని కొంత, కమీషన్ కొంత, హమాలీ కొంత, శాంపిల్ కని తీసిన గుప్పెళ్ళు వేరే. అందరి కాయలూ ఒకేసారి వస్తాయి కాబట్టి రేటు అడుగున ఉంటుంది. జూన్‌లో ఆ కాయలే విత్తనాలై తిరిగి వచ్చేటప్పుడు ఒకటిన్నర రెట్లు. డబ్బు లేదు కాబట్టి మళ్ళీ అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు మూడు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి నూటికి 36.

మా నాయన దగ్గర పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. దాంట్లో ఎడమ పక్క తీసుకున్నది, కుడి పక్క ఇచ్చింది. ఆయన పోయాక నేను దాన్ని మొత్తం కూడి చూశాను. పద్దెనిమిదేళ్ళలో అసలుకన్నా ఎక్కువ వడ్డీ కట్టాడు. చివరి పేజీలో అసలు అట్లే ఉంది.

తర్వాత ప్రభుత్వం సబ్సిడీ విత్తనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎండలో మనుషులు నిలబడలేక లైనులో చెప్పులు పెట్టేవాళ్ళు, చెప్పుల పక్కన రాయి, రాయి కింద పాసు పుస్తకం. మా అన్న ఒకసారి రెండు రాత్రులు అట్లా పడుకున్నాడు.

*

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని మా వైపు సామెత. ఆరుద్రలో పదును వాన పడితే తెల్లారేసరికి ఊర్లో మనిషి ఉండడు, అందరూ చేలల్లోనే. గొర్రు తోలే చప్పుడు, ఎద్దుల గంటలు, జడ్డిగంలో గింజలు జారే సన్నటి శబ్దం. ఆ మూడు రోజులు పోతే మళ్ళీ పదును ఎప్పుడో తెలియదు కాబట్టి పసిపిల్లలను కూడా గంపల్లో పెట్టుకుని తీసుకుపోయేవాళ్ళు.

కానీ చెనిక్కాయకు విత్తే వానకన్నా ఊడలు దిగే వాన ముఖ్యం. పూత రాలాక చెట్టు నుంచి సన్నటి ఊడ కిందికి దిగి మట్టిలోకి పోయి అక్కడ కాయ కడుతుంది. ఆ పది పదిహేను రోజులు నేల మెత్తగా ఉండాలి. నేల గట్టిపడితే ఊడ కొన మట్టి దాకా వచ్చి, దిగలేక, అక్కడే వాడిపోతుంది. మా నాయన ఆగస్టులో సాయంత్రాలు చేలో గొంతుకూర్చుని ఒక్కొక్క చెట్టూ పైకెత్తి చూసేవాడు. నాకూ చూపించాడు. గుండుసూది అంత ఊడ, కొస ఊదారంగులో, నేలకు తగిలీ తగలకుండా. "సూడు, ఇంకొక అంగుళం" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఒకే పంట ఉంటే ఒకే దెబ్బ చాలు. 2000లో కొత్త తెగులు వచ్చింది. చెట్ల కొస మొగ్గలు నల్లబడి, కాడలు మాడిపోయి, వారం పదిరోజుల్లో చేలు కాలినట్టయ్యాయి. మా జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నదని తర్వాత తేల్చారు. అదొక వైరస్ అని, వయ్యారిభామ పూల పుప్పొడిలో ఉండి తామర పురుగుల వల్ల చెనిక్కాయకు అంటుకుంటుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మా ఊర్లో దారి పక్కన, బడి దగ్గర, బీళ్ళల్లో, ఎక్కడ చూసినా ఆ వయ్యారిభామే, మా చెల్లెళ్ళు ఆ తెల్ల పూలతో ఆడుకునేవాళ్ళు. అటు రేటు చూస్తే, 1994లో పామాయిల్ దిగుమతులకు తలుపులు తీశారు. ప్యాకెట్లలో చవక నూనె వచ్చింది. పట్నంలో ఉన్న వాళ్ళకు మేలే. మమ్మల్ని నూనెగింజలు వేయమన్నదీ ఆ ఢిల్లీయే, బయటి నూనె తెప్పించిందీ ఆ ఢిల్లీయే, ఈ రెండింటి మధ్య ఎనిమిదేళ్ళే తేడా.

తర్వాతి ఏళ్ళల్లో వరస కరువుకు ఎద్దులు అమ్మేశాం. సంతలో దళారి మా నాయన చేతి మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని బేరం చేశాడు. పైకి ఒక్క మాట లేదు. నాయన మొహం చూస్తే ఎంతకు తెగిందో నాకు తెలిసిపోయింది. ఇంటికి నడిచే వచ్చాం. ఆయన చేతిలో పలుపులు రెండు ఉన్నాయి, ఎద్దుల్ని ఇచ్చినా పలుపులు ఇవ్వరు. వాటిని దూలానికి తగిలించాడు.

*

బోర్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

మాకు పాత బావి ఉండేది, కపిల తోలేవాళ్ళు. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన నీళ్ళల్లోకి దిగేది, ముందుకు వాలులో పరుగు తీస్తే నిండి పైకొచ్చి తొండంలోంచి బుస్సున నీళ్ళు. తెల్లారుజామున ఆ గిలక కిర్రుమనే చప్పుడుతోనే లేచేవాళ్ళం. ఊర్లో బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ బావి ఎండింది. మా అన్న బోరు వేస్తానన్నాడు. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, టెంకాయ నిలబడిన చోట సున్నం చుక్క పెట్టాడు. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ రాత్రి పదింటికి మొదలుపెట్టింది. ఆ మోత మూడు ఊర్లకు వినపడుతుంది. తెల్లటి రాతిపొడి మనుషుల మీద, చెట్ల మీద, మా అమ్మ జుట్టు మీద పడుతోంది. వంద అడుగులు, రెండొందలు. ఒక్కొక్క రాడ్డు దిగేకొద్దీ డబ్బు. పొడి తడిగా వస్తుందేమోనని అందరూ ఒకటే చూపు. మూడొందల అడుగుల దగ్గర అన్న "ఇంకా యాభై" అన్నాడు. వదిన చెవి కమ్మల మీద చెయ్యి పెట్టుకుంది, ముందే లెక్క వేసుకున్నట్టు. తెల్లారేసరికి పొడి పొడిగానే ఉంది.

ఏడు బోర్లు వేస్తే రెండింట్లో నీళ్ళు పడ్డాయి. మాది నల్లరాతి నేల, నీళ్ళుండేది రాతి పగుళ్ళల్లోనే. పక్క చేనాయన మా కన్నా వంద అడుగులు లోతుకు పోయాక ఒకటి ఆగిపోయింది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, కానీ మోటరు లాగడానికి నీళ్ళు ఉండాలి గదా. నా జీతంలో సగం నాలుగేళ్ళు ఆ బోర్లకే పోయింది. ఇవ్వగలిగే తమ్ముడు ఉన్నాడు కాబట్టి మా అన్న నిలిచాడు. జీతమొచ్చే తమ్ముడు లేని వాళ్ళు మా ఊర్లోనే ఇద్దరు పురుగుల మందు తాగారు. ఇంతకన్నా రాయలేను.

*

నా జీతం సంగతి కూడా చెప్పాలి. నేను చదివి ఒక బ్యాంకులో పంట రుణాలు చూసే ఉద్యోగంలో చేరాను, మా జిల్లాలోనే ఒక పల్లె బ్రాంచి. మా నాయన ఎర్ర పుస్తకానికి జవాబు నా దగ్గర ఉందనుకున్నాను. ఏడు శాతం వడ్డీ ఎక్కడ, 36 శాతం ఎక్కడ.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి పాత బాకీ వడ్డీతో కలిపి 53,500 రూపాయలు నోట్ల కట్టగా కట్టాడు. అదే రోజు మధ్యాహ్నం ఆయనకు 55,000 కొత్త లోను ఇచ్చాం. ఆ డబ్బు పట్టుకుని బయటికి పోతే వేపచెట్టు కింద ఒకాయన కూర్చుని ఉన్నాడు. కట్ట ఆయన చేతికి పోయింది. పొద్దున పెద్దాయన కట్టిన డబ్బు ఆ వేపచెట్టు ఆయనదే, ఒక్కరోజుకు నూటికి రూపాయి వడ్డీ. పెద్దాయన చేతిలో మిగిలింది వెయ్యి రూపాయలు కూడా కాదు. మా రిజిస్టరులో మాత్రం పాత రుణం వసూలైంది, కొత్త పంట రుణం మంజూరైంది. జూన్, జూలై నెలల్లో రోజూ ఇదే. నాకు తెలుసు, మేనేజరుకు తెలుసు, అందరికీ తెలుసు. ఆ ఏడు మా బ్రాంచి వసూళ్ళు బాగున్నాయని మెచ్చుకున్నారు.

కౌలుకు చేసేవాళ్ళ పేరున పాసు పుస్తకం ఉండదు కాబట్టి ఆ బ్యాంకు లోను కూడా లేదు. 2011లో వాళ్ళకు కార్డులు ఇవ్వాలని చట్టం వచ్చింది, నేను చూసిన బ్రాంచిలో ఆ కార్డులు పట్టుకుని వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భూమి ఉన్నాయన పేరు మీద లోను, వాన మీద నమ్మకం పెట్టుకున్నది ఇంకొకరు.

*

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. దేశంలో ఎక్కడో కాదు, మా జిల్లాలోనే. ఏడాదికి వంద రోజుల పని అని అప్పటి చట్టం. మా వదిన మొదటి వారం పోలేదు. పాతర ఉండిన ఇంటి కోడలు గంప ఎత్తుతుందా అని మా అమ్మ బాధ. రెండో వారం వదినే గడ్డపార తీసుకుంది. మా సేద్యగాడి కోడలితో కలిసి కుంట పూడిక తీసింది. ఇద్దరికీ ఒకే కొలత, ఒకే కూలి. ఆ ఏడు మా ఇంట్లో కాయలు అప్పుకని ముందే అమ్మకుండా మార్చి దాకా ఆపగలిగాం, రేటు కాస్త పెరిగింది. చూడండి, మూడు నెలలు ఆగగలిగితే చాలు, అదే పంటకు ఎక్కువ డబ్బు. పాతర చేసిన పని కూడా అదే, మనిషిని ఆగనివ్వడం. ఆగలేనివాడు ఎంత పండించినా వాడికి మిగలదు. మా నేల పేదది కాదు, మా మనుషులు బద్ధకస్తులు కారు, నన్నడిగితే మమ్మల్ని ఆగనివ్వలేదు.

అయినా రాత్రి బస్సులు బెంగళూరుకు నిండుగానే పోతున్నాయి. ఊర్లో తాళం వేసిన తలుపులు, అరుగుల మీద ముసలివాళ్ళు, వాళ్ళ దగ్గర వదిలిన పిల్లలు. నేనూ ఆ బస్సులోనే కదా పోయింది.

*

ఆదివారం మధ్యాహ్నం మా సేద్యగాడి భార్య వచ్చింది. ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆమెకు ఎనభై దాటి ఉంటుంది, కట్టె పట్టుకుని మనవరాలితో మెల్లగా వచ్చింది, పాతర బయటపడిందని తెలిసి. నా చిన్నప్పుడు ఆయనను, మా నాయనకన్నా పెద్దవాణ్ణి, నేను "రా", "పో" అని పిలిచేవాణ్ణి. అందరమూ అట్లే పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఆమెను చూడగానే లేచి కుర్చీ వేశాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గుంత అంచునే చతికిలబడింది.

"దీంట్లో దిగేది మాయప్పే గదా సామీ" అంది.

"అవును పెద్దమ్మా. తాడు కట్టుకుని దిగుతాంటే మేమంతా సూసేవాళ్ళం."

"ఈపక్క తాడు పట్టేది నేను. పైన తాడు ఇంకెవురు పట్టినా నాకు నమ్మకం లేదు." కొంచెం ముందుకు వంగి లోపలికి చూసింది. "అదే వాసన."

నేను సంతోషపడి, ఈ వాసన కోసమే బెంగళూరు నుంచి వచ్చాను అన్నాను. చిన్నతనమంతా దీంట్లోనే ఉన్నట్టుంది అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసి, మామూలుగానే, కోపం లేకుండా అంది. "మాకు జీతానికి పోసేది అంచు జొన్నలే గదప్పా. సంగటి సేస్తే ఇల్లంతా ఇదే వాసన. పిల్లోళ్ళు ముక్కు మూసుకొని తినేవాళ్ళు."

రెండు చాపల మీద రెండు కుప్పలు గుర్తొచ్చాయి. జేజి చేతులు గుర్తొచ్చాయి. నాకు మాట రాలేదు. వదిన కాఫీ తెచ్చి ఆమె చేతికి ఇచ్చింది, ఇంట్లో మేం తాగే స్టీలు గ్లాసులోనే. ఆమె ఊదుకుంటూ తాగింది. మనవరాలు నర్సింగు చదువుతోందని, ఫీజు ఇంకొక విడత కట్టాలని చెప్పింది. నేను ఆ పిల్ల నంబరు తీసుకున్నాను.

సాయంత్రం అన్న మూడు ట్రాక్టర్ల మట్టి తోలించాడు. మొదటి ట్రాక్టరు పోసినప్పుడు గుంతలోంచి గాలి ఒకటి పైకి లేచింది, తర్వాత రెండూ చప్పుడు లేకుండా దిగిపోయాయి. మూత బండను మాత్రం పక్కకు తీయించి పెట్టారు. వదిన దాన్ని కొళాయి దగ్గర వేయించుకుంటానంది, బట్టలు ఉతకడానికి.